కొండ దిగేటప్పుడు తెలిసే బండి: ఘాట్ రోడ్లకు ద్విచక్ర వాహనం ఎంపిక

తిరుపతిలో కొత్త బండి కొనాలనుకున్న ప్రతి ఇంట్లోనూ ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది: "ఇది కొండ ఎక్కుతుందా?" షోరూంలో అమ్మేవారికి ఈ ప్రశ్న ఎంత అలవాటైపోయిందంటే, మనం నోరు తెరవకముందే "ఇద్దరితో హాయిగా ఎక్కేస్తుంది సార్" అని జవాబు చెప్పేస్తారు. ఆ మాట అబద్ధమేమీ కాదు. ఇంజన్ సరిగ్గా ఉన్న 100 సీసీ బండి సైతం ఇద్దరిని మోసుకుని అలిపిరి నుంచి తిరుమలకు చేరుతుంది. రెండో గేరులో మూలుగుతూ చేరవచ్చు, అంతే తేడా. ఒకవేళ ఎక్కలేక మధ్యలో ఆగినా, వెనక ఉన్నవారు దిగి నాలుగడుగులు నడుస్తారు, కాస్త నామోషీ తప్ప పోయేదేమీ లేదు. దిగేటప్పుడు ఆగవలసిన చోట ఆగని బండి సంగతి అలా తేలిపోదు. కాబట్టి స్కూటరు, గేరు బండి, ఎలక్ట్రిక్ బండి, బ్రేకుల రకాలు, హెల్మెట్ల రకాలు అన్నింటినీ ఈ వ్యాసంలో ఒకే కొలతతో పోల్చాను: కొండ దిగేటప్పుడు అది మనకు ఎంతవరకు తోడుంటుంది?

ఈ కొలతనే ఎందుకు పట్టుకున్నానో చెప్పాలంటే ఒక చిన్న లెక్క చూడాలి. తిరుమల సముద్ర మట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తున ఉంది, తిరుపతి 160 మీటర్ల దగ్గర ఉంది. అంటే బండి దాదాపు 690 మీటర్లు కిందికి దిగాలి. బండి 130 కిలోలు, ఇద్దరు మనుషులు 140 కిలోలు అనుకుంటే, అంత బరువు అంత ఎత్తు నుంచి దిగేసరికి విడుదలయ్యే శక్తితో ఐదు లీటర్లకు పైగా చన్నీళ్ళను మరిగే దాకా కాచవచ్చు. ఆ శక్తిలో కొంత గాలిని చీల్చడానికి పోతుంది, కొంత ఇంజన్ మింగుతుంది, మిగిలినదంతా అరచేతి మందం కూడా లేని బ్రేకు షూల మీద, ప్యాడ్ల మీద పడుతుంది. తిరుమల తిరుపతి దేవస్థానం పెట్టిన కనీస ప్రయాణ సమయాలు కూడా ఇదే చెబుతాయి: ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు. దిగే దారి సుమారు 19 కిలోమీటర్లు గనుక సగటున గంటకు 28 కిలోమీటర్ల వేగం దాటకూడదన్నమాట. కిందికి బండి దానంతట అదే ఉరుకుతుంటే అంత నెమ్మదిగా పట్టి ఉంచడమే అసలు పని.

బండి కంటే ముందు దారిని చూడాలి

మన వైపు కొండ దారులన్నీ ఒక తీరువి కావు. తిరుమలకు 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగడానికి మాత్రమే, 1974లో వచ్చిన రెండో ఘాట్ రోడ్డు ఎక్కడానికి మాత్రమే వాడుతున్నారు. రెండూ ఒకవైపు దారులే కాబట్టి ఎదురుగా వాహనం రాదు. ఈ సౌకర్యం మనకు తెలియకుండానే మనల్ని చెడగొడుతుంది. తిరుపతిలో పుట్టి, కొండ దారిలోనే బండి నేర్చుకున్నవాడికి మలుపులో రోడ్డు మొత్తం తనదే అన్న అలవాటు పడిపోతుంది. కుడి మలుపు వస్తే కుడి అంచుకు, ఎడమ మలుపు వస్తే ఎడమ అంచుకు కోసుకుంటూ పోతాడు.

అదే మనిషి పీలేరు, మదనపల్లె వైపు వెళుతూ భాకరాపేట ఘాట్‌లోకి వచ్చినా, చిత్తూరు నుంచి పలమనేరుకు వెళుతూ మొగిలి ఘాట్‌లో లారీల మధ్య చిక్కినా, హార్సిలీ హిల్స్ ఇరుకు మలుపులు ఎక్కినా ఆ అలవాటు వెంటే వస్తుంది. నాకు అది భాకరాపేటలో తెలిసింది. దాదాపు పదేళ్ళు కొండకు తిరిగిన ధీమాతో, ఒక ఉదయం కుడి మలుపును లోపలి నుంచి కోశాను. రెప్పపాటులో ఎదురుగా లారీ ముఖం ప్రత్యక్షమైంది. దాని బంపరుకు వేలాడుతున్న నిమ్మకాయ, దాని కింద వాడిపోయిన మిరపకాయలు ఇప్పటికీ కళ్ళ ముందున్నాయి. వాటిలో రెండు ఎర్రబడ్డాయి కూడా. ఆ డ్రైవరు తన వైపు అంచుకు లాగాడు గనుక బతికాను. హారన్ కొట్టలేదు, తిట్టలేదు, అలా చూస్తూ వెళ్ళిపోయాడు. తప్పు పూర్తిగా నాది.

కాబట్టి మొదటి ఎంపిక మీ దారి గురించి. వారానికి ఒకసారి కొండకు వెళ్ళి రావడమే మీ ప్రయాణమైతే మీ సమస్య ప్రధానంగా బ్రేకులు, వేడి. ఎదురు వాహనాలు వచ్చే ఘాట్‌లలో తిరిగేవారైతే ఆ సమస్యకు తోడు మలుపులో మీ స్థానం, చూపు, లారీల కదలిక కూడా వచ్చి చేరతాయి. పలమనేరు, కుప్పం వైపు అడవి దారులలో పొద్దు వాలాక వెళ్ళేవారికి ఏనుగులు మరో లెక్క. కౌండిన్య అభయారణ్యం పక్కన హెడ్‌లైటు వెలుగు బండి ఎంపికలో చిన్న విషయమేమీ కాదు.

స్కూటరా, గేరు బండా?

ఇంట్లో అందరూ నడపగలిగేది స్కూటరే. ఊళ్ళో తిరగడానికి దానికి సాటి లేదని నేనూ ఒప్పుకుంటాను. కొండ దిగేటప్పుడు మాత్రం స్కూటరుకు, గేరు బండికి మధ్య తేడా చాలా పెద్దది, ఆ తేడాకు మూలం ఇంజన్ బ్రేకింగ్.

గేరు బండిని రెండో గేరులోనో మూడో గేరులోనో పెట్టి యాక్సిలరేటరు వదిలేస్తే, చక్రమే ఇంజన్‌ను తిప్పవలసి వస్తుంది. ఇంజన్ ఆ పనికి ఎదురుతిరుగుతుంది, బండి వెనక్కి పట్టి ఉంచినట్టు నెమ్మదిస్తుంది. బ్రేకులు దాదాపు ఖాళీగా ఉంటాయి, మలుపు దగ్గర అవసరమైనప్పుడు చల్లగా, సిద్ధంగా దొరుకుతాయి. ఏ గేరులో ఎక్కగలమో ఆ గేరులోనే దిగాలన్న పాత లారీ డ్రైవర్ల మాట ద్విచక్ర వాహనాలకు కూడా అక్షరాలా వర్తిస్తుంది.

స్కూటరులో గేరు మన చేతిలో ఉండదు. బెల్టు, పుల్లీల అమరిక తన లెక్క ప్రకారం నిష్పత్తి మార్చుకుంటుంది. యాక్సిలరేటరు మూసినప్పుడు కొంత ఇంజన్ బ్రేకింగ్ ఉంటుంది కానీ అది బలహీనం. పైగా హెయిర్‌పిన్ మలుపు (దాదాపు వెనక్కి తిరిగిపోయే ఇరుకు మలుపు) దగ్గర వేగం బాగా తగ్గినప్పుడు లోపలి క్లచ్ దానంతట అదే విడిపోతుంది. ఆ క్షణంలో స్కూటరు న్యూట్రల్‌లో వదిలిన సైకిలులా జారిపోతుంది. సరిగ్గా బండిని పట్టి ఉంచవలసిన చోటే పట్టు వదిలేస్తుందన్నమాట. దీనికి చిన్న ఉపాయం ఉంది: అలా జారుతున్నట్టు అనిపించగానే యాక్సిలరేటరును వెంట్రుకవాసి తిప్పితే క్లచ్ మళ్ళీ పట్టుకుంటుంది, ఆ తర్వాత మూసినా కొంతసేపు ఇంజన్ పట్టు దొరుకుతుంది. మైదానంలో నాలుగుసార్లు చేసి చూస్తే ఆ తేడా వీపుకే తెలుస్తుంది.

ఇంజన్ ఆపేసి దిగే అలవాటు గురించి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే పెట్రోలు మిగులుతుందన్న ఆశతో చదువుకున్నవాళ్ళు కూడా ఈ పని చేస్తున్నారు. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్-6 (పొగ కాలుష్యానికి పెట్టిన ప్రమాణం) బండ్లలో దాదాపు అన్నిటికీ ఫ్యూయల్ ఇంజెక్షన్, అంటే కంప్యూటరు లెక్క ప్రకారం పెట్రోలు చిమ్మే అమరిక, ఉంది. గేరులో ఉండి యాక్సిలరేటరు మూసి దిగుతున్నంతసేపూ అలాంటి ఇంజన్‌కు కంప్యూటరే పెట్రోలు ఆపేస్తుంది. ఆపడం వల్ల మిగిలేది ఏమీ లేదు, పోయేది ఇంజన్ బ్రేకింగ్ మొత్తం. మోకాళ్ళ మిట్టకు ముందు నడకదారి భక్తులు రోడ్డు పక్కనే నడిచే చోట, చప్పుడు లేకుండా వెనక నుంచి జారి వచ్చే బండి వాళ్ళకు కూడా వినపడదు.

అయితే స్కూటరు వద్దనే అంటున్నానా? ఒక్కరే వెళ్ళేవారికి, నెమ్మదిగా దిగే ఓపిక ఉన్నవారికి, ముందు చక్రానికి డిస్కు బ్రేకు ఉన్న 125 సీసీ స్కూటరు చాలు. ఇద్దరు పెద్దలు, కాళ్ళ దగ్గర సంచి, హుక్కుకు లడ్డూల కవరు, ఇలా బరువు పెట్టుకుని తరచూ దిగే ఇంటికి గేరు బండే మేలని నా గట్టి అభిప్రాయం. స్కూటరుకు చిన్న చక్రాలు గుంతలో ఎక్కువ దిగబడతాయన్నది మరో కారణం.

బ్రేకులు: డబ్బు పెట్టవలసిన చోటు

2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లకు ఏబీఎస్ తప్పనిసరి చేశారు, 125 సీసీ వరకు ఉన్నవాటికి కనీసం సీబీఎస్ ఉండాలన్నారు. ఈ రెండూ ఒకే పని చేస్తాయని చాలామంది అనుకుంటారు. సీబీఎస్ అంటే వెనక బ్రేకు నొక్కినప్పుడు ముందు బ్రేకు కూడా కొంత పడేలా చేసే అమరిక. చక్రం బిగుసుకుపోకుండా అది ఆపదు. ఏబీఎస్ చక్రం బిగుసుకోబోతున్నదని గమనించి, బ్రేకును సెకనుకు పలుమార్లు వదులుతూ పడుతూ జారకుండా చూస్తుంది. సింగిల్ ఛానల్ అంటే మామూలుగా ముందు చక్రానికి మాత్రమే. డ్యూయల్ ఛానల్ అంటే రెండింటికీ.

దిగుడులో బ్రేకు వేస్తే బరువంతా ముందుకు వాలుతుంది, వెనక చక్రం తేలికైపోయి సులువుగా బిగుసుకుంటుంది. ముందు బ్రేకు ముట్టుకుంటే బండి బోల్తా కొడుతుందని ఊళ్ళో పెద్దవాళ్ళు భయపెట్టి నేర్పడం వల్ల, వెనక బ్రేకునే నమ్ముకునేవారు మన దగ్గర ఎక్కువ. కొండ దిగేటప్పుడు వాళ్ళు సగం కన్నా తక్కువ బ్రేకుతో దిగుతున్నట్టు. ముందు బ్రేకును ఒక్కసారిగా లాగకుండా, నిమ్మకాయ పిండినట్టు క్రమంగా బిగించడం నేర్చుకుంటే ఆ భయం పోతుంది. వెనక బ్రేకు అలవాటు మానుకోలేనివారు సీబీఎస్ ఉన్న బండి తీసుకుంటే ఆ అలవాటు చేసే నష్టం కొంత తగ్గుతుంది. డబ్బు సరిపోతే డ్యూయల్ ఛానల్ ఏబీఎస్ తీసుకోవడం, నా దృష్టిలో, 50 సీసీ ఎక్కువ ఉన్న ఇంజన్ తీసుకోవడం కంటే తెలివైన ఖర్చు. ఒక హెచ్చరిక మాత్రం ఉంది: బండిని వాల్చి మలుపు తిప్పుతున్నప్పుడు మామూలు ఏబీఎస్ మనల్ని పూర్తిగా కాపాడలేదు. నిటారుగా ఉన్నప్పుడు చక్రం బిగుసుకోకుండా చూడటం దాని పని; మలుపులో టైరు పట్టు అప్పటికే సగం ఖర్చయి ఉంటుంది.

డ్రమ్ముకు, డిస్కుకు మధ్య ఎంపికలో కూడా వేడే తీర్పు చెబుతుంది. డ్రమ్ములో షూలు మూత లోపల ఉంటాయి గనుక వేడి త్వరగా బయటికి పోదు. ఏకధాటిగా కాలు పెట్టి దిగితే సగం దారిలో పెడల్ నొక్కినా బండి ఆగీ ఆగనట్టు అనిపిస్తుంది. డిస్కు గాలికి తెరుచుకుని ఉంటుంది, త్వరగా చల్లబడుతుంది. కానీ డిస్కుకు మరో బలహీనత ఉంది: బ్రేకు ఆయిల్. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. గాలిలో తేమను పీల్చుకున్న కొద్దీ ఆ హద్దు 155 డిగ్రీల దాకా పడిపోవచ్చు. మరిగితే గొట్టంలో ఆవిరి బుడగలు వచ్చి, లివరు చేతికి మెత్తగా అంటుకుపోతుంది. రెండేళ్ళకోసారి ఆ ఆయిల్ మార్పించమని మెకానిక్‌కు మనమే చెప్పాలి, లేకపోతే మామూలు సర్వీసులో ఎక్కువమంది మూత తీసి చూడటంతోనే సరిపెడతారు.

డ్రమ్మయినా డిస్కయినా, 19 కిలోమీటర్ల పొడవునా బ్రేకును కొద్దికొద్దిగా నొక్కి ఉంచడం అన్నిటికన్నా చెడ్డ పద్ధతి. వేగం పెరిగినప్పుడు రెండు బ్రేకులతో గట్టిగా తగ్గించి, పూర్తిగా వదిలి, ఇంజన్‌తో పట్టుకుని, మళ్ళీ అవసరమైనప్పుడు వేయడం వల్ల మధ్యమధ్యలో బ్రేకుకు చల్లబడే సమయం దొరుకుతుంది.

ఇంజన్ సైజు, బరువు, కరెంటు బండి

ఇంజన్ విషయంలో ఎక్కువ చెప్పవలసినది లేదు. 100 నుంచి 125 సీసీ బండ్లు తేలికగా ఉంటాయి, హెయిర్‌పిన్‌లో తిప్పడం సులువు. 150 నుంచి 200 సీసీ మధ్యలో ఉన్నవాటికి మంచి డిస్కులు, వెడల్పు టైర్లు, ఏబీఎస్ కలిసి దొరుకుతాయి గనుక ఘాట్‌లలో తరచూ తిరిగేవారికి ఈ మధ్య వర్గమే సరైనదని నా అభిప్రాయం. 350 సీసీ బండికి ఇంజన్ బ్రేకింగ్ బాగుంటుంది కానీ బండి బరువే 180, 190 కిలోలు దాటుతుంది. మలుపులో కాలు నేలకు ఆనించి ఆగవలసి వస్తే, పొట్టివారికి వాలులో ఆ బరువును పట్టుకోవడం తేలిక కాదు. షోరూంలో సమతలం మీద కూర్చుని చూసి మురిసిపోకుండా, ఏదైనా వాలు మీద ఆపి, వెనక ఒకరిని కూర్చోబెట్టుకుని రెండు కాళ్ళూ ఆనుతున్నాయో లేదో చూసుకోండి.

ఎలక్ట్రిక్ స్కూటరు కొంటున్నవారు పెరిగారు గనుక దాని గురించి ఒక మాట. పైన చెప్పిన 270 కిలోల బరువును కొండ మీదికి చేర్చడానికి, ఎత్తు లెక్కకే సుమారు అర యూనిట్ కరెంటు కావాలి. మోటారు నష్టాలు, గాలి, టైర్ల రాపిడి కలిపితే అంతకంటే చాలా ఎక్కువే పడుతుంది. మూడు యూనిట్ల బ్యాటరీ ఉన్న బండికి ఇది ఇబ్బంది కాదు. దిగేటప్పుడు మోటారే బ్రేకులా పనిచేసి కొంత కరెంటు తిరిగి బ్యాటరీలోకి పంపుతుంది, ఆ రకంగా మామూలు స్కూటరు కంటే ఇది నయం. కానీ బ్యాటరీ నిండుగా ఉంటే తిరిగి పుచ్చుకోవడానికి చోటు ఉండదు కాబట్టి ఆ బ్రేకింగ్ బాగా తగ్గిపోతుంది. కొండ మీద ఛార్జింగ్ పెట్టే అవకాశం దొరికినా, నూటికి నూరు శాతం నింపి దిగడం మంచిది కాదు.

టైర్ల దగ్గర ట్యూబ్‌లెస్‌నే ఎంచుకోవాలి. మేకు దిగినా గాలి నెమ్మదిగా పోతుంది, ట్యూబు టైరులా ఒక్కసారిగా కూలబడదు. టైరు పక్కన అండాకారపు గడిలో ఉండే నాలుగు అంకెల్లో మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం; 2324 అని ఉంటే అది 2024లో 23వ వారంలో తయారైనది. సెకండ్ హ్యాండ్ బండి కొనేవారు మీటరు కంటే ముందు ఈ అంకెలు చూడాలి.

హెల్మెట్, గుండు

2021 జూన్ నుంచి ఐఎస్ఐ ముద్ర లేని ద్విచక్ర వాహన హెల్మెట్లు అమ్మడం నిషేధం. అయినా రోడ్డు పక్కన ప్లాస్టిక్ టోపీల్లాంటివి దొరుకుతూనే ఉన్నాయి, వాటిని పోలికలోకి తీసుకోవడమే అనవసరం. ముఖం తెరిచి ఉండేదానికి, ముఖమంతా కప్పేదానికి మధ్య ఎంచుకోవాలంటే ముఖమంతా కప్పేదే. దిగుడులో పడేవారు ముందుకు పడతారు, గడ్డం నేలకు తగులుతుంది. మన ఎండలకు ఉక్కపోస్తుందన్నది నిజమే. గాలి రంధ్రాలు ఎక్కువ ఉన్నది, లోపలి గుడ్డ తీసి ఉతుక్కోగలిగినది చూసుకుంటే ఆ ఇబ్బంది భరించగలిగేంతగా తగ్గుతుంది.

బయటి ఊళ్ళవారికి తెలియని సమస్య ఒకటి మనకు ఉంది. ఎక్కేటప్పుడు జుట్టుతో బిగుతుగా సరిపోయిన హెల్మెట్, తలనీలాలు ఇచ్చి గంధం రాసుకున్నాక దిగేటప్పుడు వదులైపోతుంది. గంధం తడి మీద లోపలి మెత్త అటూ ఇటూ జారుతుంది. బ్రేకు వేసినప్పుడల్లా అంచు కళ్ళ మీదికి దిగుతుంది. మా అబ్బాయిని వెనక కూర్చోబెట్టుకుని దిగుతుంటే వాడు ఒక చేత్తో హెల్మెట్‌ను, ఒక చేత్తో నా చొక్కాను పట్టుకుని రావడం అద్దంలో చూశాక గానీ నాకు ఇది తట్టలేదు. మొక్కు ఉన్నప్పుడు ఒక మందపాటి నూలు గుడ్డను సంచిలో పెట్టుకోండి. గంధం ఆరాక గుండుకు ఆ గుడ్డ చుట్టి హెల్మెట్ పెట్టి, పట్టీని గడ్డం కింద ఒక వేలు మాత్రమే దూరేలా బిగించి, తల అడ్డంగా ఊపి చూడాలి. హెల్మెట్ తలతో పాటే తిరగాలి.

వెనక కూర్చునేవారికి కూడా హెల్మెట్ చట్టప్రకారం తప్పనిసరే. చీరతో ఒకవైపుకు కూర్చోవడం వల్ల బరువు ఒక పక్కకే ఉంటుంది, మలుపులో ఆ పక్కకు బండి ముందే వాలుతుంది. కొండ రోజున చుడీదార్ వేసుకుని రెండు వైపులా కాళ్ళు వేసి కూర్చోవడం నడిపేవారికి ఎంత సాయమో ఒక్కసారి వెళితే తెలుస్తుంది. నాలుగేళ్ళలోపు పిల్లలకు హెల్మెట్, నడిపేవారికి కట్టే బెల్టు, గంటకు 40 కిలోమీటర్లు దాటని వేగం ఉండాలన్న నిబంధన 2023 ఫిబ్రవరి నుంచి ఉంది. లడ్డూల కవరును హ్యాండిల్‌కు తగిలించవద్దు. హెయిర్‌పిన్‌లో హ్యాండిల్ తిప్పినప్పుడు అది మోకాలికి, ట్యాంకుకు మధ్య ఇరుక్కుంటుంది.

మలుపులో ఎక్కడ ఉండాలి?

ఇక నైపుణ్యం. దీన్ని కొనలేము కానీ ఇక్కడ కూడా రెండు పద్ధతుల మధ్య ఎంపిక ఉంది. ఒకటి, మలుపు మొదట్లోనే లోపలి అంచుకు వెళ్ళి కోయడం. ఇది చూడటానికి దగ్గరి దారిలా ఉంటుంది, కానీ మలుపు చివర బండి బయటి వైపుకు తోసుకుపోతుంది. రెండోది, మలుపు అవతలి కొస కనబడేదాకా బయటి వైపే ఉండి, ఆ తర్వాత లోపలికి రావడం. ఎదురు వాహనాలు వచ్చే రోడ్డు మీద రెండోదే సురక్షితం.

మనం ఎడమన నడుపుతాం గనుక దీన్ని ఇలా అన్వయించుకోవాలి. ఎడమ మలుపులో మన సగం రోడ్డులోనే, మధ్య గీతకు కాస్త దగ్గరగా ప్రవేశిస్తే కొండ చరియ అవతల ఏముందో ముందుగా కనబడుతుంది; కొస కనబడ్డాక ఎడమకు రావాలి. కుడి మలుపులో ఎడమ అంచుకు దగ్గరగా ప్రవేశించి, అంచున కంకర లేకుండా చూసుకుంటూ, కొస కనబడేదాకా అక్కడే ఉండాలి. ఇక్కడ చాలామందికి తట్టని విషయం ఒకటుంది: కుడికి వాలినప్పుడు చక్రాలు గీతకు ఇవతలే ఉన్నా తల, భుజం గీత దాటి అవతలి లారీ దారిలోకి వెళ్ళిపోతాయి. భాకరాపేటలో నాకు దక్కింది ఆ తలే.

వేగం ఎంత ఉండాలన్నదానికి కొలత, కనబడుతున్న దూరంలో ఆగగలగడం. గంటకు 40 కిలోమీటర్ల దగ్గర, ప్రమాదం గుర్తించి బ్రేకు మీద చేయి పడేలోపే బండి 11 మీటర్లు పోతుంది. ఆగేసరికి మొత్తం 23 మీటర్లు కావాలి. 60 దగ్గర అది సుమారు 44 మీటర్లు. ఇది సమతలం మీద, పొడి రోడ్డు మీద మాట. దిగుడులో ఇంకా పెరుగుతుంది. గేరు తగ్గించడం, బ్రేకు వేయడం రెండూ మలుపుకు ముందే, బండి నిటారుగా ఉండగానే అయిపోవాలి. చూపు లోయ మీదో పిట్టగోడ మీదో నిలిస్తే బండి అటే పోతుంది, కాబట్టి కళ్ళు మలుపు కొస మీద ఉండాలి.

బస్సు, లారీ హెయిర్‌పిన్ తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల కంటే లోపలికి కోసుకుంటూ వస్తాయి. ఖాళీ ఉందని లోపలి వైపు దూరడం కంటే వెనకే ఆగి, అది తిరిగాక వెళ్ళడం మంచిది. ఇరుకు చోట ఎక్కే వాహనానికి దిగేవారు దారి ఇవ్వాలన్నది కూడా నిబంధనే.

సాధన ఎక్కడ చేయాలంటే, ముందుగా ఖాళీ మైదానంలో బ్రేకు, తర్వాత ఒక్కరే తెల్లవారాక రద్దీ లేని వేళ కొండ దారిలో, ఆ తర్వాతే వెనక మనిషితో, చివరగా భాకరాపేట, మొగిలి లాంటి చోట్ల. ఈ వరుసలో కొండ దారిని రెండో స్థానంలో పెట్టాను, ఎందుకంటే ఎదురు వాహనం భయం లేకుండా గేరు, బ్రేకు నేర్చుకోవచ్చు. అయితే అక్కడ కూడా రోడ్డు మధ్యలో గీత ఉందనుకుని, ఎడమ సగంలోనే నడపండి. ఈ ఒక్క పని నేను పదేళ్ళ ముందు చేయవలసింది.

మరి ఎవరికి ఏది?

ఒంటరిగా ఉద్యోగానికి తిరుగుతూ నెలకోసారి కొండకు వెళ్ళేవారు డిస్కు ఉన్న 125 సీసీ స్కూటరు తీసుకుని, మిగిలిన డబ్బు హెల్మెట్ మీద పెట్టవచ్చు. భార్యాభర్తలిద్దరూ వారం వారం వెళ్ళేవారికి ముందు డిస్కు, సీబీఎస్ ఉన్న 125 సీసీ గేరు బండి సరిపోతుంది. వ్యాపార పని మీద చిత్తూరు, పలమనేరు, పీలేరు, మదనపల్లె తిరిగేవారు 150 సీసీకి తగ్గకుండా, డ్యూయల్ ఛానల్ ఏబీఎస్ ఉన్నది చూసుకోవాలి. పాత బండి ఉన్నవారు కొత్తది కొనవలసిన అవసరమే లేకపోవచ్చు. టైర్లు, బ్రేకు షూలు, ఆయిల్ మార్పించి, ఒక మంచి హెల్మెట్ కొంటే ఎన్నో కొత్త బండ్ల కంటే నయం.

ముగ్గురు ఉంటే బండి ఏదైనా ఒకటే, అది ఎంపిక కాదు. రాత్రి వేళల్లో ద్విచక్ర వాహనాలను ఘాట్ మీదికి అనుమతించని గంటలు ఉంటాయి, అవి మారుతుంటాయి గనుక అలిపిరిలో కనుక్కునే బయలుదేరాలి. ఈశాన్య రుతుపవనాలు బలంగా ఉన్న అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, 2021 డిసెంబరు మొదటి రోజున రెండో ఘాట్ రోడ్డు మీద కొండచరియలు విరిగిపడిన సంగతి గుర్తున్నవారెవరూ వాన చినుకుల్లో బండి తీయరు. అలాంటి రోజుల్లో నా బండిని అలిపిరి దగ్గరే నిలిపి, సప్తగిరి బస్సులో కిటికీ పక్కన కూర్చుని వెళతాను. మోకాళ్ళు సహకరిస్తే 3,550 మెట్లు ఎలాగూ ఉన్నాయి.